అన్నం వద్దనేది నోరు కాదు, మెదడు!

"సారూ, పిల్ల బుక్కెడు బువ్వ తింటలేదు. అన్నం ముంగట కూసుంటది, మెతుకులు లెక్కవెడ్తది, లేసిపోతది. జర తాకతుకు సూది ఏసి పంపుండ్రి!"

"గవన్ని నఖరాలు సారూ! రెండు దెబ్బలు ఏస్తె గదే తింటది."

మొదటి మాట తల్లిది. రెండోది తండ్రిది. ఇంటి దగ్గర ఉన్న నాయనమ్మది మూడో మాట: "దిష్టి తగిలింది, మంత్రం వేయించండి" అని.

రాయపోల్ లాంటి ఊళ్ళో ఒక ఇంటిని ఊహించుకోండి. 2016 దాకా మెదక్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో మండల కేంద్రమైన ఊరు. ఆ ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి. క్లాసులో మొదటి ర్యాంకు, చెప్పిన మాట వినే పిల్ల. ఏడాది క్రితం ఒక పెళ్ళిలో ఎవరో దగ్గరి చుట్టం "ఏం పిల్లా, మస్తు లావైనవ్" అని నవ్వుతూ అన్నారు. అన్నవాళ్ళు అప్పుడే మరిచిపోయారు. పిల్ల మరిచిపోలేదు. మొదట రాత్రి అన్నం మానేసింది. తర్వాత శనివారం ఒక్కపొద్దు అంది. తర్వాత సోమవారం కూడా అంది. ఇప్పుడు రోజూ ఏదో ఒక వంకే. నాలుగు నెలలుగా నెలసరి రావడం లేదు. ఎండాకాలంలో కూడా చలి అంటూ దుప్పటి కప్పుకుంటోంది. జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వస్తోంది. అయినా "నాకేం కాలేదు" అంటుంది.

ఇది ఫలానావారి కథ కాదు. కాని చదువుతుంటే మీకు తెలిసిన ఏదో ఒక ఇల్లు గుర్తుకు వచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

ఈ పిల్లకి ఉన్నది పొగరు కాదు. దిష్టీ కాదు. బలం సూదితో పోయేది అంతకంటే కాదు. ఇది జబ్బు. ఆ జబ్బు ఉన్న చోటు కడుపు కాదు, మెదడు. ఆ సంగతి తెలియక ఆరెంపీ డాక్టరు దగ్గర సెలైన్లు, తాయెత్తులు, తిట్లు, దెబ్బలతో నెలలు గడిచిపోతాయి. ఈ జబ్బులో నెలలు గడవడమే అసలు ప్రమాదం. మానసిక వ్యాధులన్నింటిలో ప్రాణాలు ఎక్కువగా తీసేవాటిలో ఇది ఒకటి అంటే చాలామంది నమ్మరు.

ఆకలి ఎక్కడ పుడుతుంది?

"కడుపులో" అంటారు మీరు. కడుపు గంట కొట్టేది మాత్రమే. తలుపు తియ్యాలా వద్దా అన్నది నిర్ణయించేది మెదడు.

మెదడు అడుగు భాగాన బాదం గింజంత చోటు ఒకటుంది. దాని పేరు హైపోథాలమస్. ఆకలి, దాహం, నిద్ర, ఒంటి వేడి, నెలసరి, అన్నిటి మీదా పెత్తనం దానిదే. ఆకలి పుట్టించే కేంద్రం అందులో ఒక పక్కన ఉందని 1951లో ప్రయోగాలతో చూపించిన ఇద్దరిలో ఒకరు మన దేశపు శాస్త్రవేత్త డాక్టర్ బి.కె. ఆనంద్. అమెరికాలో బ్రోబెక్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన ఎలుకల మెదడులో ఆ చిన్న చోటును దెబ్బతీసి చూశారు. ఎలుకలు ముందు తిండి ఉన్నా ముట్టకుండా పస్తులుండిపోయాయి. ఆ ఎలుకలకు ఎవరూ దిష్టి పెట్టలేదు, వాటికి పొగరూ లేదు!

ఈ కేంద్రానికి ఒళ్ళంతా తిరిగి వార్తలు వస్తూ ఉంటాయి. కడుపు ఖాళీ అయితే గ్రెలిన్ అనే హార్మోను "ఆకలి, ఆకలి" అని కబురు పంపుతుంది. దీన్ని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. ఒంట్లో ఉన్న కొవ్వు కూడా ఊరుకోదు. లెప్టిన్ అనే హార్మోనుతో "గాదెలో నిలవ ఇంత ఉంది" అని లెక్క చెబుతుంది. దీని సంగతి 1994లో అమెరికాలో బయటపడింది. కొవ్వు కరిగిపోయి లెప్టిన్ పడిపోతే మెదడు ఏమనుకుంటుంది? "ఇంట్లో గింజల్లేవు. ఇప్పుడు ఈ ఒంటికి బిడ్డను మోసే శక్తి లేదు" అనుకుని నెలసరి ఆపేస్తుంది. మన కథలో పిల్లకి నెలసరి ఆగిపోవడానికి కారణం ఇదే. దాన్ని "రక్తం తక్కువ" అని టానిక్కులతో సరిపెడితే అసలు రోగం దాగిపోతుంది.

ఇక కబుర్లు వచ్చాక మెదడులో ఒక నాడీకణం నుంచి ఇంకో నాడీకణానికి మాట చేరవేసే రసాయనాలు కొన్ని ఉన్నాయి. అందులో రెండింటి పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఒకటి డోపమిన్. "ఇది బాగుంది, మళ్ళీ కావాలి" అనిపించేది. మిరపకాయ బజ్జీల వాసన తగలగానే కాళ్ళు ఆ వైపు నడవడం దీని పనే.

రెండోది సెరటోనిన్. "ఇక చాలు" అనిపించేదీ, మనసును నెమ్మదిగా ఉంచేదీ, కంగారునూ దిగులునూ అదుపులో పెట్టేదీ. ఈ సెరటోనిన్ ఆకాశం నుంచి ఊడిపడదు. మనం తినే తిండిలోంచే తయారవుతుంది. ఈ సంగతి అర్థం కావాలంటే లండన్, న్యూయార్క్ వెళ్ళక్కర్లేదు. తెలంగాణ జొన్నచేల దగ్గరే ఆగితే చాలు.

జొన్నరొట్టె నేర్పిన పాఠం

వరి ఇంతగా రాకముందు మెదక్ వైపు పేదవాడి తిండి జొన్నే. పొద్దున జొన్న గట్క, మాపటికి జొన్నరొట్టె, నంజుకోను ఇంత తొక్కు. పప్పు పండక్కి, పాలు చంటిపిల్లలకి. అలాంటి తిండి మీదే ఏళ్ళ తరబడి బతికిన కూలి జనంలో కొందరికి ఒక వింత జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోటల్లా, అంటే చేతుల మీద, కాళ్ళ మీద, మెడ చుట్టూ కంటె వేసుకున్నట్టుగా చర్మం నల్లబడి, పెచ్చులు కట్టేది. నాలుక ఎర్రగా పూసేది. విరేచనాలు పట్టుకునేవి. ఆకలి చచ్చిపోయేది. ఆ తర్వాత మనిషి మనిషిలా ఉండేవాడు కాదు. దిగులు, నిద్రలేమి, ఊరికే ఏడుపు, మతిమరుపు. కొందరు పిచ్చాసుపత్రి దాకా పోయేవారు. ఈ జబ్బు పేరు పెల్లాగ్రా.

1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు మారిన పోషకాహార పరిశోధన సంస్థ, అంటే నేడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఈ జబ్బును పట్టుకుంది. అప్పటికే లోకానికి తెలిసిన సంగతి ఇది: నయాసిన్ అనే బి విటమిను తక్కువైతే పెల్లాగ్రా వస్తుంది. అమెరికాలో, యూరపులో మొక్కజొన్న తిని బతికే పేదలకు ఇది వచ్చేది. కాని మన జొన్న మొక్కజొన్న లాంటిది కాదు. ఇందులో నయాసిన్ మరీ తక్కువేం కాదు. మరి జొన్న తినేవాళ్ళకెందుకు వస్తోంది?

1960లో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య ఒక సమాధానం చెప్పారు. జొన్న మాంసకృత్తుల్లో లూసిన్ అనే అమైనో ఆమ్లం పాలు ఎక్కువ. అది ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లం పనికి అడ్డు తగులుతోంది అని. లూసిన్ పాత్ర ఎంత అన్నదాని మీద తర్వాత శాస్త్రవేత్తల మధ్య వాదోపవాదాలు చాలా జరిగాయి. కాని ఈ కథలో ముఖ్యమైన పాత్ర ట్రిప్టోఫాన్‌దే.

ఏమిటీ ట్రిప్టోఫాన్? పప్పులు, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, పల్లీలు, నువ్వుల నుంచి మనకు వచ్చే సరుకు. ఒంట్లో దానికి రెండు ముఖ్యమైన గిరాకీలు ఉన్నాయి. దానితో ఒంట్లో నయాసిన్ తయారవుతుంది. 60 పాళ్ళు ట్రిప్టోఫాన్ ఖర్చయితే ఒక పాలు నయాసిన్ వస్తుంది. రెండో గిరాకీ మెదడుది. అక్కడ దానితోనే సెరటోనిన్ తయారవుతుంది. వేరే చోట తయారైన సెరటోనిన్ మెదడులోకి దూరలేదు. ఒంట్లోని సెరటోనిన్‌లో చాలా భాగం పేగుల్లోనే ఉన్నా మెదడుకు దానివల్ల ఉపయోగం లేదు. మెదడు తన సెరటోనిన్ తనే వండుకోవాలి. ట్రిప్టోఫాన్ అనే గింజలు లోపలికి వస్తేనే వంట. ఆ గింజలు వచ్చే గుమ్మం ఇరుకు. లూసిన్ లాంటి మిగతా అమైనో ఆమ్లాలూ అదే గుమ్మంలోంచి తోసుకుంటూ వస్తాయి.

1970లో ఈ సంస్థకే చెందిన కమలా కృష్ణస్వామి, రమణమూర్తి పెల్లాగ్రా రోగుల రక్తంలోని ప్లేట్‌లెట్లలో సెరటోనిన్ ఎంత ఉందో కొలిచారు. దిగులుతో కుంగిపోయిన రోగుల్లో అది తక్కువగా కనబడింది. రోగుల మెదడు విద్యుత్తు తరంగాల్లో కూడా తేడాలున్నాయని అంతకుముందే ఇక్కడ గమనించారు. నయాసిన్ ఇచ్చి, మంచి తిండి పెడితే కొద్ది రోజుల్లోనే ఆ మనిషి మళ్ళీ మనుషుల్లో పడేవాడు. అంతదాకా "పిచ్చి" అనుకున్నది పళ్ళెంలోంచి వచ్చింది, పళ్ళెంతోనే పోయింది!

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక, తిండి రకాలు పెరిగాక ఈ జబ్బు చాలామటుకు వెనక్కు తగ్గింది. ఇది చదివి జొన్నరొట్టె మానకండి. పప్పు, పాలు, ఆకుకూరతో కలిపి తింటే జొన్న మంచి తిండి. దోషం జొన్నది కాదు. వేరే ఏమీ దొరకని పేదరికానిది.

ఆనాడు తిండి దొరక్క ట్రిప్టోఫాన్ కరువైంది. ఈనాడు అదే ఊళ్ళల్లో బియ్యం బస్తా ఇంట్లో ఉండగా, కూర పొయ్యి మీద ఉండగా, పిల్ల తనకు తానే కరువు తెచ్చుకుంటోంది. మెదడుకు మాత్రం రెంటికీ తేడా తెలియదు. రాక తగ్గితే దాని వంటగది మూతపడుతుంది. డైటింగు చేసే స్త్రీలలో కేవలం మూడు వారాల్లోనే రక్తంలో ట్రిప్టోఫాన్ తగ్గిందని ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన పరిశోధనల్లో తేలింది. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో ఈ తేడా మెదడు మీద ఎక్కువగా కనబడింది.

పస్తు మనసును మారుస్తుంది

"ముందు మనసు చెడి తిండి మానేసిందా, తిండి మానేశాక మనసు చెడిందా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. రెండూ నిజమే. ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944, 45లలో, అమెరికాలోని మిన్నెసోటాలో డాక్టర్ ఆన్సెల్ కీస్ ఒక ప్రయోగం చేశారు. ఒళ్ళూ మనసూ ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు తమకు తాముగా ముందుకు వచ్చారు. వాళ్ళకు 24 వారాలపాటు మామూలు తిండిలో దాదాపు సగమే పెట్టారు. బరువులో నాలుగో వంతు పోయింది. అది ఊహించిందే. ఊహించనిది వేరే ఉంది.

ఆ కుర్రవాళ్ళకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగుచేసి నవలల్లా చదివేవారు. పళ్ళెం ముందు కూర్చుని గంటలకొద్దీ కెలికేవారు. చిరాకు, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం. ఎప్పుడూ చలి. తిరిగి కడుపునిండా పెట్టడం మొదలుపెట్టాక కొందరికి ఎంత తిన్నా నిండినట్టే ఉండేది కాదు. మామూలు మనుషులు కావడానికి నెలలు పట్టింది.

ఇప్పుడు మన కథలో పిల్లను చూడండి. మెతుకులు లెక్కపెడుతోంది. తను తినదు గాని తమ్ముడికి కొసరి కొసరి వడ్డిస్తుంది. ఫోనులో వంటల వీడియోలు చూస్తూ కూర్చుంటుంది. "ఇంత తిండి యావ ఉన్న పిల్ల తినదెందుకు? నాటకం కాకపోతే!" అంటాడు తండ్రి. అది నాటకం కాదు. ఆకలితో మాడుతున్న మెదడు చేసే పని అది.

మరి ఆకలైతే తినొచ్చుగా? ఇక్కడే ఈ జబ్బులోని మెలిక. పుట్టుకతోనే కొంచెం కంగారు మనస్తత్వం, ప్రతిదీ నూటికి నూరు శాతం ఉండాలనే పట్టుదల ఉన్న పిల్లల్లో సెరటోనిన్ తీరు కొంత వేరుగా ఉంటుందనీ, అలాంటివాళ్ళు పస్తుంటే సెరటోనిన్ తగ్గి మనసుకు తాత్కాలికంగా నెమ్మది దొరుకుతుందనీ శాస్త్రవేత్తల్లో ఒక బలమైన అభిప్రాయం. తింటే మళ్ళీ కంగారు. మనకి అన్నం తింటే హాయి, ఆ పిల్లకి అన్నం మానితే హాయి. డోపమిన్ కూడా ఎదురుతిరుగుతుంది. తిండి చూస్తే కలగాల్సిన సంతోషం బదులు భయం కలుగుతుంది. అందుకే "ఒక్క ముద్ద తిను తల్లీ, నీకేం పోయింది" అని మీరంటే ఆమెకు మాత్రం నూతిలో దూకమన్నట్టు ఉంటుంది.

ఒక జబ్బు కాదు, ఒక కుటుంబం

తిండి చుట్టూ తిరిగే ఈ జబ్బులు ముఖ్యంగా నాలుగు రూపాల్లో మన ఇళ్ళలో కనబడతాయి.

తినకపోవడం: ఇంతదాకా చెప్పుకున్నది ఇదే. దీని పేరు అనొరెక్సియా నెర్వోజా. 1873లో ఇంగ్లండులో విలియం గల్ ఈ పేరు పెట్టారు. అంటే ఇది సినిమాతారలతో, సెల్‌ఫోన్లతో పుట్టిన జబ్బు కాదు. మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడి పిల్లల్లో చాలామంది "లావవుతాననే భయం" అని చెప్పరు. "ఆకలి లేదు", "కడుపు బరువు", "తింటే వికారం" అంటారు. దాంతో ఎండోస్కోపీలు, గ్యాసు మాత్రలతో ఏడాది గడుస్తుంది.

తిని తీసెయ్యడం: బులీమియా నెర్వోజా. 1979లో జెరాల్డ్ రసెల్ దీన్ని వేరే జబ్బుగా గుర్తించారు. హైదరాబాదు హాస్టళ్ళలో చదివే పిల్లల్లో, ఉద్యోగాలు చేసే యువతీ యువకుల్లో ఉంటుంది. అదుపు తప్పి గబగబా తినేసి, తర్వాత సిగ్గుతో, భయంతో దాన్ని బయటికి పంపే ప్రయత్నం చేస్తారు. మనిషి సన్నగా ఉండకపోవచ్చు, మామూలు బరువే ఉండొచ్చు. అందుకే ఎవరూ గుర్తుపట్టరు. పళ్ళ ఎనామిల్ అరిగిపోవడం, దవడల కింద ఉబ్బు, భోజనం కాగానే బాత్‌రూములో గంటసేపు ఉండిపోవడం ఆనవాళ్ళు. ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఉన్నట్టుండి ప్రాణం పోవచ్చు.

అదుపు లేకుండా తినడం: బింజ్ ఈటింగ్. తిన్నది తీసెయ్యరు. ఆకలి లేకున్నా, ఒంటరిగా, రాత్రిపూట కడుపు నొప్పి పుట్టేదాకా తిని, తర్వాత తమను తామే తిట్టుకుంటారు. "తిండిపోతు" అని మనమూ రెండు తిడతాం. పగలంతా కడుపు మాడ్చుకోవడం ఈ రాత్రి తిండికి నిప్పు రాజెయ్యడమే. తిట్టు తిన్న మనసు మళ్ళీ తిండిలోనే ఓదార్పు వెతుక్కుంటుంది.

తినకూడనిది తినడం: పల్లెటూళ్ళలో అందరికీ తెలిసిందే. బలపాలు కొరకడం, గోడ సున్నం గీకి తినడం, మట్టిబెడ్డలు, పచ్చి బియ్యం. కడుపుతో ఉన్న ఆడవాళ్ళలో, ఎదిగే ఆడపిల్లల్లో ఎక్కువ. దీని పేరు పైకా. మన దేశంలో సగానికి పైగా స్త్రీలలో రక్తహీనత ఉంది. ఇనుము రక్తానికే కాదు, మెదడులో డోపమిన్, సెరటోనిన్ తయారుచేసే ఎంజైములకు కూడా అవసరం. ఇనుము మాత్రలు మొదలుపెట్టాక చాలామందిలో ఈ కోరిక దానంతట అదే పోతుంది. కాబట్టి బలపం తినే పిల్ల చేతి మీద కొట్టకండి. రక్తపరీక్ష చేయించండి.

ఇవి ఆడపిల్లల జబ్బులే అనుకోవడం కూడా పొరపాటు. మగపిల్లలకూ వస్తాయి. వాళ్ళలో కండల పిచ్చి రూపంలో ఉండి, "కుర్రాడు జిమ్‌కి వెళుతున్నాడు, మంచిదేగా" అనిపిస్తుంది.

అందరికీ ఎందుకు రావు?

"మా రోజుల్లో ఎన్ని ఉపవాసాలు చేశాం! మాకెందుకు రాలేదు?" అంటారు పెద్దవాళ్ళు. నిజమే. గింజలో ఉన్నది కొంత, నేలలో ఉన్నది కొంత. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనల ప్రకారం ఈ జబ్బులు వచ్చే అవకాశంలో సుమారు సగం వంశపారంపర్యంగా వచ్చేదే. మిగతా సగం బయటిది. వయసు వచ్చే రోజుల్లో హార్మోన్ల మార్పు, పరీక్షల ఒత్తిడి, ఫోనులో కనబడే సన్నని నడుములు, "నల్లగా ఉన్నావ్", "లావుగా ఉన్నావ్" అనే పెళ్ళిమాటలు. గింజలో ఆ గుణం లేనివాళ్ళు పది ఉపవాసాలు చేసి పదకొండోనాడు పులిహోర తింటారు. గింజలో ఆ గుణం ఉన్నవాళ్ళకు ఒక్క డైటింగు చాలు, అగ్గిపుల్ల గీసినట్టే.

కాబట్టి తల్లిదండ్రులారా, తప్పు మీదని ఏడవకండి. పిల్లదని తిట్టకండి. ఎవరి పెంపకమూ ఈ జబ్బును పుట్టించదు. కాని నయం చెయ్యడంలో మీ చేతుల్లో ఉన్నంత శక్తి ఇంకెవరి చేతుల్లోనూ లేదు.

ఏం చెయ్యాలి?

మొదట డాక్టరు దగ్గరకు. ఊళ్ళోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో మొదలుపెట్టినా మంచిదే. బరువు తగ్గడానికి క్షయ, థైరాయిడ్, మధుమేహం, పేగుల జబ్బులు కూడా కారణం కావచ్చు. అవి కావని తేలాలి. నాడి, రక్తపోటు, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేటు చూడాలి.

ఆ తర్వాత మానసిక వైద్యుడి దగ్గరకు. "పిచ్చి డాక్టరు దగ్గరికా? రేపు పెళ్ళెట్లయితది?" అన్న భయం వద్దు. పెళ్ళి కావాలంటే ముందు పిల్ల బతకాలి. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఎవరి దగ్గరికి వెళ్ళాలో తోచకపోతే 14416కి ఫోను చెయ్యండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ టెలిమానస్ సేవలో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

స్పృహ తప్పి పడిపోవడం, నాడి బాగా నెమ్మదించడం, గుండె దడ, కాళ్ళ వాపు, కొన్నాళ్ళుగా దాదాపు ఏమీ తినకపోవడం, చచ్చిపోవాలని ఉందనడం, వీటిలో ఏది కనబడినా ఆ రోజే ఆసుపత్రి. తెల్లవారాక చూద్దాం అనుకోవద్దు.

ఇక్కడొక ముఖ్యమైన హెచ్చరిక. చాలా రోజులు పస్తున్న మనిషికి ప్రేమకొద్దీ ఒకేసారి కడుపునిండా పెట్టెయ్యకూడదు. గ్లూకోజు సెలైన్లు ఎక్కించెయ్యకూడదు. ఎండిన నేల మీద వరద వదిలినట్టు అవుతుంది. రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం ఒక్కసారిగా పడిపోయి గుండెకు ముప్పు వస్తుంది. యుద్ధకాలంలో ఆకలి శిబిరాల నుంచి విడుదలై తిండి దొరికాక చనిపోయినవాళ్ళున్నారు. తిండి పెంచడం డాక్టరు చెప్పిన లెక్కన, మెట్టు మెట్టుగా జరగాలి.

మందులున్నాయా?

ఉన్నాయి, కాని అన్నిటికీ కాదు. బులీమియాలో సెరటోనిన్‌ను ఎక్కువసేపు పనిచేయించే ఫ్లూఆక్సెటిన్ అనే మందు బాగానే ఉపయోగపడుతుంది. తిండి గురించిన ఆలోచనలను సరిదిద్దే మాటల చికిత్స ఇంకా బాగా ఉపయోగపడుతుంది. అదే మందు ఎముకల గూడైన అనొరెక్సియా పిల్లకి ఇస్తే పెద్దగా పనిచెయ్యదు. ఎందుకు? దీనికి కారణం జొన్నరొట్టె పాఠంలోనే దొరుకుతుంది. ఆ మందు సెరటోనిన్‌ను కొత్తగా పుట్టించదు, ఉన్నదాన్ని వృథా కాకుండా నిలుపుతుంది. తిండి లేక ట్రిప్టోఫాన్ లేదు. ట్రిప్టోఫాన్ లేక సెరటోనిన్ లేదు. కుండలో నీళ్ళే లేనప్పుడు చిల్లు మూసి ఏం లాభం? అందుకే ఈ జబ్బుకు మొదటి మందు అన్నమే.

మరి ఆ అన్నం తినిపించేది ఎవరు? అమ్మా, నాన్నే. చిన్న వయసు పిల్లల్లో ఇప్పుడు అన్నిటికంటే మంచి ఫలితాలిస్తున్నది కుటుంబం చేతుల మీదుగా జరిగే చికిత్స. డాక్టరు దారి చూపిస్తారు. ఏం తినాలి, ఎంత తినాలి అన్న నిర్ణయం కొన్నాళ్ళపాటు పిల్ల చేతిలోంచి తల్లిదండ్రుల చేతికి మారుతుంది. అందరూ కలిసి కూర్చుని తినాలి. తినేటప్పుడు బరువు మాట, మార్కుల మాట, పెళ్ళి మాట వద్దు. బెదిరింపు వద్దు, బతిమాలడం వద్దు. "ఇది నీ మందు. నేను పక్కనే ఉంటాను. ఎంతసేపైనా ఫరవాలేదు" అని నెమ్మదిగా, గట్టిగా చెప్పాలి. తిన్నాక ఒక గంట ఒంటరిగా వదలొద్దు. కబుర్లో, చదరంగమో, టీవీనో. తల్లి ఒక మాట, తండ్రి ఒక మాట, నాయనమ్మ ఇంకో మాట అయితే ఆ సందులోంచి జబ్బు జారిపోతుంది. ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి.

బరువు తిరిగి వచ్చిన మర్నాడే మనసు బాగుపడదు. కుండలో నీళ్ళు నిండాలి, వంటగది మళ్ళీ నడవాలి. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. మధ్యలో వెనకడుగులు ఉంటాయి. ఓపిక పట్టినవాళ్ళలో చాలామంది బిడ్డలు తేరుకున్నారు, చదువుకున్నారు, తల్లులయ్యారు.

మళ్ళీ మొదటి ఇంటికి వద్దాం. ఆ తల్లి డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని ఉంది. చేతిలో టిఫిను డబ్బా. పొద్దున పిల్ల కోసం కట్టింది, అలాగే ఉంది. ఆమెకు ఈరోజు దొరకాల్సింది బలం సూది కాదు. "అమ్మా, నీ బిడ్డది పొగరు కాదు, జబ్బు. నీ తప్పు కాదు. ఆలస్యం చెయ్యకు, నయమవుతుంది" అన్న మాట. ఆ మాట చెప్పేవాళ్ళు డాక్టర్లే కానక్కర్లేదు. పక్కింటివాళ్ళు చెప్పొచ్చు, బడిలో టీచరు చెప్పొచ్చు. ఇది చదివిన మీరు కూడా చెప్పొచ్చు.

ఇంకొక్క మాట. ఈసారి పెళ్ళిలో చుట్టాల పిల్ల కనబడితే "లావైనవ్, సన్నబడ్డవ్" అనే పలకరింపు మాని, "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అని అడగండి. ఈ జబ్బు రాకుండా వేసే టీకా ఏదీ ఇంతవరకు లేదు. ఉన్నంతలో దానికి దగ్గరగా వచ్చేది అదే.